సాంచాలు లేని దుప్పట్ల దేశం

సౌదీలో నేను పదేళ్ళకు పైనే ఉన్నాను. ఆ దేశం గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. నేను చూసిన సౌదీ అంతా రియాద్ అంచున సులైలో ఒక రేకుల షెడ్డు, దాని వెనక మా గదులు, ముందు లారీలు తొక్కి తొక్కి పిండి చేసిన రోడ్డు. శుక్రవారం బుద్ధి పుడితే నగరం లోపల మలాజ్ పేట దాకా. అంతే.

లెసోతో గురించి అడగండి, చెబుతాను. ఆఫ్రికా ఖండం కింది కొసన ఉంటుంది. దాని మొదటి రాజు ఏ కొండెక్కి కూర్చున్నాడో, ఆ దేశపు మగవాళ్ళు ఎవరి బాయిల్లో దిగి బంగారం తవ్వారో, ఆడవాళ్ళు ఎవరి ప్యాంట్లు కుడుతున్నారో అన్నీ తెలుసు. అక్కడికి నేనెన్నడూ పోలేదు. బడిలో నేర్చుకున్నానా అంటే, సారు భారతదేశం పటం గీయమన్న ఏడే నేను బడి మానేశాను. కాశ్మీరులో మొదలుపెట్టి నాగపూర్ దాకా వచ్చినట్టు గుర్తు. మా ఊరు ఇంకా రానేలేదు.

మా షెడ్డులో నేల తొలిచే మిషన్లు ఉండేవి. వాటిని పునాదులకూ బోర్లకూ అద్దెకిచ్చేవారు. నేను వెల్డర్ని. ఒక ఏడు మా ముదీర్, అంటే మేనేజరు, దక్షిణాఫ్రికా నుంచి ఒక పాత మిషన్ తెప్పించాడు. మిషనైతే వచ్చింది గానీ దాన్ని నడపడం ఎవరికీ రాలేదు. అమ్మినవాళ్ళనే అడిగితే ఒక మనిషిని కూడా పంపారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, ఛాతీలో ఎప్పుడూ ఒక దగ్గు నిల్వ ఉంచుకుని వచ్చాడు. మొదటి రోజే నేను ఆయనకు స్పేర్ పార్ట్ అని పేరు పెట్టాను. సంగతి అర్థమయ్యాక ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"తప్పు. స్పేర్ పార్టుకు గ్యారంటీ ఉంటుంది" అన్నాడు.

క్యాంపులో ఇన్నాళ్ళకు నాకు పోటీ వచ్చిందని అప్పుడే అర్థమైంది. ఆయనది లెసోతో. అక్కడ పెద్దవాళ్ళను తండ్రీ అని పిలుస్తారట. మేం ఒక మెట్టు పైకెక్కించి తాతా అన్నాం.

తాతకు తెలుగు రాదు. నాకు ఆయన భాష రాదు. ఇంగ్లీషు ఇద్దరికీ సగం సగం వచ్చు, కానీ ఆ రెండు సగాలూ వేరు వేరు. మా మధ్య నడిచింది సైట్ అరబ్బీ. అరబ్బులు ఇళ్ళల్లో మాట్లాడుకునే అరబ్బీ కాదది. పని చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య పుట్టింది. ఎత్తు, దించు, రా, పో, తొందరగా, లేదు, అయిపోయింది. వీటితోనే తాత నాకు తన దేశ చరిత్ర చెప్పాడు. "అవ్వల్ మలిక్ ఫోగ్ జబల్. బాదేన్ అబ్యద్ తాల్, అర్ద్ షీల్. బాదేన్ ఇంగ్లీజ్. బాదేన్ ఖలాస్." ముందు కొండ మీద రాజు. తర్వాత తెల్లవాళ్ళు వచ్చారు, భూమి ఎత్తుకుపోయారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు. తర్వాత అయిపోయింది. మా సారు ఇట్లా చెప్పి ఉంటే నేను పదో తరగతి పాసయ్యేవాణ్ణి.

బంగారు బాయిల్లో కూడా ఇట్లాంటి భాషే ఉండేదని తాత చెప్పాడు. పది జాతుల కూలీలు దిగేచోట పుట్టిన భాష. "అందులో ఎత్తు అనొచ్చు, పట్టు అనొచ్చు, పైన రాయి ఊగుతున్నది చూసుకో అనొచ్చు. ఇంటి మీదికి మనసు పోతున్నది అనడానికి మాట లేదు."

నేను సైట్ అరబ్బీలో వెతికాను. అందులోనూ దొరకలేదు. ఇకనుంచి ఆయన మాటల్ని నేను తెలుగు చేసే రాస్తున్నాను, ఆయన దగ్గర లేని మాటలేవీ కలపకుండా.

ఈ కథలో రెండో మనిషి మా బామ్మర్ది, నా భార్య తమ్ముడు. సిరిసిల్లలో సాంచాలు నడిపినవాడు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. గుడ్డకు గిరాకీ పడిపోయి, ఒకనాడు సొంత సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. వాటిని సుత్తెలతో పగలగొట్టి ట్రాలీలో వేస్తుంటే వాకిట్లో నిలబడి చూశాడట. ఆ సప్పుడు విన్నాక ఊళ్ళో ఉండలేక ఆజాద్ వీసా మీద వచ్చాడు. ఆజాద్ అంటే స్వేచ్ఛ. కాగితం ఒకరి పేరున, పని ఎవరి దగ్గర దొరికితే వాళ్ళ దగ్గర. మనవాళ్ళు ఈ మాట పెట్టిన తెలివికి మెచ్చుకోవాలి. ఇకామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులో, మావాడు గొర్రెల కాపరి. కఫీల్, అంటే వాణ్ణి రప్పించిన యజమాని, ఖమీస్ ముషైత్‌లో ఉంటాడు. మావాడు ఉండేది నా గదిలో, చేసేది దొరికిన కూలి. గొర్రెను మాత్రం అన్నం పళ్ళెంలోనే చూశాడు.

అట్లా నడుస్తుండగా నితాఖత్ వచ్చింది. కంపెనీలకు రంగులు పూశారు. సౌదీలకు సరిపడా ఉద్యోగాలిచ్చిన కంపెనీ పచ్చ, ఇయ్యకపోతే పసుపు, ఎరుపు. పైగా పనిచేసే ప్రతి పరాయి తలకూ లెవీ, అంటే పన్ను, కట్టాలన్నారు. మా కంపెనీ ఎరుపులో పడబోయి పసుపులో ఆగింది. ఎట్లా ఆగిందంటే, ముదీర్ ఒక సౌదీని గేటు కాపలాకు రాసుకున్నాడు. ఆ మనిషి ఎన్నడూ రాలేదు. ఆయన కోసం కొన్న కుర్చీ మాత్రం రోజూ డ్యూటీలో ఉండేది. నేను దానికి పొద్దున్నే సలాం కొట్టి లోపలికి పోయేవాణ్ణి. నవ్వుతారేమో గానీ, మా అందరి ఇకామాలూ దాని నాలుగు కాళ్ళ మీదే నిలబడ్డాయి.

కఫీల్ ఒకడు, పని ఇంకొక చోట అయినవాళ్ళందరికీ గడువు పెట్టారు. ఈలోపల ఏదైనా కంపెనీ పేరు మీదికి మారాలి, లేదా దేశం విడిచిపోవాలి. గడువు దాటితే పట్టుకుంటారు. పసుపు కంపెనీ కొత్తవాణ్ణి రాసుకోవడానికి వీల్లేదు.

"బావా, నువ్వు ముదీర్‌కు ఒక్కమాట చెప్పరాదే" అన్నాడు బామ్మర్ది.

"చెప్పిన రా. మనుషులకు జాగ లేదన్నడు. కుర్చీలైతే చూస్తడంట."

"నీకెప్పుడు పరాచికాలే."

"మరి ఏడ్వాల్నా? ఏడుస్తె లెవీ పడదా?"

"నేను ఇంటికి వోయి ఏం చెయ్యాలె, అది చెప్పు. నీ చెల్లె బీడీలు చేస్తది. దాని చాట పక్కకు కూసోని ఆకు కత్తిరియ్యాల్నా? వాడకట్టు మొగోళ్ళందరు గట్లనే కూసున్నరు. అండ్ల నన్నొకణ్ణి గల్పుతవా?"

వాడి భార్య నాకు వరసకు చెల్లెలు. వాడి భయం ఆమె అంటే కాదు, చాట అంటే.

వారం తిరగకముందే వాడు మలాజ్ నుంచి ఎగురుకుంటూ వచ్చాడు. అక్కడొక ఏజెంటు ఉండేవాడు, మన వైపు మనిషే. గోడకు ప్రపంచ పటం తగిలించుకుని, కిందికి దిగిపోతున్న వాళ్ళకు పైకెక్కే దేశాలు చూపించేవాడు. మావాడు నేతవాడని తెలిసి, పటం మీద ఆఫ్రికా అడుగున వేలు పెట్టాడట.

"ఈడ బట్టల కంపెనీలు కుప్పలు. నువ్వు నేతోనివి గదా, కండ్లకద్దుకుంటరు అన్నడు బావా. వచ్చే శుక్రవారం పాసుపోర్టు తెచ్చియ్యుమన్నడు. దేశం పేరేందో ఎరికేనా? లెసోతో! మన తాత దేశం!"

"పటంల చూసినవా?"

"వేలు తీస్తె గదా కనబడేది. వేలు కిందనే ఉన్నదంట."

వాడికి ఆ వారం దొరికింది. ఆ వారంలో తాతను అడిగి తెలుసుకోవాలి, ఆ దేశానికి పోతే బతుకు ఉందా లేదా. దేశాల గురించి చదువుకున్నవాళ్ళు ఏం అడుగుతారో నాకు తెలియదు. క్యాంపు మనిషి అడిగేవి వేరే ఉంటాయి. షెడ్డు మూసి తాత టీ కాచుకునే వేళకు బామ్మర్ది ఎదురుగా కూర్చునేవాడు, నేను మధ్యలో తర్జుమా చేసేవాణ్ణి. మొదటి ప్రశ్న, అక్కడ కఫీల్ ఉంటాడా?

తాత ఒక పళ్ళెం తీసి, దాని మధ్యలో ఒక ఖర్జూరపు గింజ పెట్టాడు. "గింజ మేము. పళ్ళెం దక్షిణాఫ్రికా. నాలుగు దిక్కులా వాళ్ళే. ఏ దిక్కు నుంచి బయటికి కాలు పెట్టినా వాళ్ళ నేలే, వాళ్ళ ముద్రే."

"మనిషికి గాదు రా, దేశానికే కఫీలున్నడు" అన్నాను.

మావాడు ఆ మాటను పట్టించుకోలేదు. ఎండ ఎట్లుంటదో అడగమన్నాడు.

తాత ముఖం వెలిగింది. ఎండ కాదు, మంచు. దేశమంతా కొండలే. చలికాలం పొద్దున లేస్తే గొర్రెల వీపులు కూడా తెల్లగా ఉంటాయి, గొర్రె ఎక్కడ ముగిసిందో మంచు ఎక్కడ మొదలైందో తెలియదు. చిన్నప్పుడు ఆయన పని వాటిని కాయడమే. పొట్టి గుర్రాల మీద మనుషులు కొండలెక్కుతారు. మంచు పేరెత్తగానే మా గదిలో ఏసీ గట్టిగా మోగింది, సిగ్గుపడ్డట్టు.

తిండి? మక్కపిండి ఉడికించి గట్టిగా కలుపుతారు, ఆకుకూరతో తింటారు.

"గట్క!" అని అరిచాడు బామ్మర్ది. "బావా, గట్క తింటరంట! ఇంక నాకేం తక్కువ?"

రాజు సంగతి ఇంకొక సాయంత్రం వచ్చింది. చుట్టూ యుద్ధాలు జరిగి జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయినప్పుడు, ఆ రాజు పైన చదునుగా ఉండే ఒక కొండెక్కి, పారిపోయి వచ్చినవాళ్ళందరినీ ఏ జాతని అడగకుండా పైకి రమ్మన్నాడు. అట్లా పోగైన మనుషులే ఒక జాతి అయ్యారు. శత్రువులు కొండెక్కలేక వెనక్కి పోతుంటే, దారిలో ఆకలవుతుందని వాళ్ళ వెనకే ఎద్దులను తోలించాడట.

"గెలిచినోడు ఎడ్లిచ్చుడేంది?" అన్నాడు మావాడు.

"అందుకే వాళ్ళు మళ్ళీ రాలేదు" అన్నాడు తాత.

కానీ తుపాకులతో తెల్ల రైతులు వచ్చారు. ఎద్దులిస్తే పోయే రకం కాదు. కొండ కింది మెత్తటి నేల, మక్క పండే నేల, సగం దాకా పోయింది. రాళ్ళు మిగిలాయి. అప్పుడు రాజు ఇంగ్లీషు రాణిని అడిగాడట, నీ దుప్పటి మా మీద కప్పు, అందులో మేం పేలుగా బతికినా సరే అని. ముసలివాళ్ళు అట్లా చెప్పుకుంటారట. రాణి కప్పింది. కప్పాక గుడిసెకింత అని పన్ను వేశారు, రొక్కం కావాలన్నారు. కొండ మీద రొక్కం ఎక్కడుంది? పక్క దేశపు బంగారు బాయిలో ఉంది. మగవాళ్ళు దుప్పట్లు భుజాన వేసుకుని బాయికి పోయారు. తాత, తాత తండ్రి, ఆయన తండ్రి. స్వతంత్రం వచ్చింది, జెండా మారింది, బాయి మారలేదు.

నేను నవ్వకుండా విన్న చోటు అదొక్కటే. వాళ్ళకు పన్ను వేసి బాయిలోకి తోలారు. మాకు పన్ను వేసి బయటికి తోలుతున్నారు. కట్టేవాడు ఎటు తిరిగినా వీపే కనబడుతుంది.

బామ్మర్ది మనసు మాత్రం బాయిలో లేదు. "పాత ముచ్చట్లు ఎందుకు బావా. ఇప్పుడు ఫ్యాక్టరీలు ఉన్నయా అడుగు."

"ఉన్నాయి" అన్నాడు తాత.

"బట్టలవేనా?"

"బట్టలవే. చాలా." అని లేచి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడానికి పోయాడు.

దేశమంతా దుప్పట్లు కప్పుకుంటుందని తెలిసిన రోజు మావాడికి నిద్ర పట్టలేదు. పుట్టినా, పెళ్ళయినా, రాజు వచ్చినా, శవం లేచినా అక్కడ మనిషి భుజాల మీద ఉన్ని దుప్పటి ఉండాల్సిందేనట. మామూలు మనిషి ఆ మాట విని, పాపం చలి అనుకుంటాడు. నేతవాడు వేరే లెక్క వేస్తాడు.

"పిల్లగాడి నుంచి ముసలోని దాంక దుప్పటి. మరి అవ్వి ఆకాశంకెళ్ళి పడ్తున్నయా? ఎన్ని సాంచాలుండాలె బావా! పొద్దుమాపు నడిచినా సాలయి. ఉన్ని వాళ్ళదే, గొర్రెలు వాళ్ళయే, కప్పుకునేటోళ్ళు వాళ్ళే. ఏజెంటుగాడు బట్టల కంపెనీ అన్నడు గని, వానికేం తెలుసు, నేను దుప్పటి సాంచా మీదికి వోతా." వాడి చేతులు గాల్లో పోగు మోసే నాడె విసురుతున్నాయి. సాంచాలు తూకానికి పోయిన నాటి నుంచి ఆ చేతులు అట్లా కదలడం నేను చూడలేదు. అందుకే నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు రాని పని. ఆ ఒక్కసారే చేశాను.

శుక్రవారం వచ్చింది. బామ్మర్ది తానం చేసి, తల దువ్వుకుని, చొక్కా జేబులో పాసుపోర్టు పెట్టుకున్నాడు. ఎండ కాస్త వాలాక మలాజ్ పోవాలి. బయట రేకులు కాలుతున్నాయి. లోపల తాత ఏసీ కింద మంచం మీద కూర్చుని, పెట్టెలోంచి తీసిన తన దుప్పటి కప్పుకుని ఉన్నాడు. వారమంతా ఆ ముచ్చట్లే నడిచేసరికి ఆయనకూ అది గుర్తొచ్చినట్టుంది.

"తాతా, జర చూపియ్యి" అని మావాడు దాని కొసను చేతిలోకి తీసుకున్నాడు. నేతవాళ్ళు బట్టను చూసేది కళ్ళతో కాదు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపాడు. అంచు వెంట గోరు నడిపించాడు. ముదురు నీలం మీద మక్కకంకుల బొమ్మలు. "మంచి సరుకు. మస్తు మంచి సరుకు" అన్నాడు. తర్వాత ఒకచోట వేలు ఆగింది. బొమ్మల పక్కనుంచి సన్నటి గీతలు పోతున్నాయి.

"ఇదేంది? పోగు తప్పింది" అన్నాడు.

తాతకు విషయం అర్థమై దుప్పటిని వెనక్కి లాక్కున్నాడు. "తప్పు కాదు. గీత ఉంటేనే మా దుప్పటి. తల నుంచి కాళ్ళ వైపు నిలువుగా రావాలి. అడ్డం కప్పుకుంటే మనిషి ఎదగడు."

"నువ్వేమన్న అనుకో తాతా, ఇది నేత తప్పే. ఎన్నడో ఎవడో నిద్రమబ్బుల చేసిండు."

తాత కొంచెంసేపు గునిసి, చివరికి నవ్వాడు. "మా ముసలివాళ్ళూ అదే చెప్పేవారు. ఎప్పుడో ఒకసారి తప్పుపడిన సరుకు వచ్చింది. మావాళ్ళకు ఆ గీత నచ్చింది. అప్పటి నుంచి గీత లేనిది కొనం."

నేను పగలబడి నవ్వాను. ఒక దేశం మొత్తం ఒకడి నిద్రమబ్బును భుజాన వేసుకుని తిరుగుతున్నది మరి. బామ్మర్ది నవ్వలేదు. వాడి చెయ్యి దుప్పటి మీదే ఉండిపోయింది.

"వచ్చింది అన్నడా, బావా? సరుకు వచ్చింది అన్నడు గదా?"

"అవు. అయితే?"

"మా కాడ గింత గీత పడితే సేటు తానును మొఖాన కొడ్తడు. సాంచా ఊళ్ళె ఉంటె తప్పు సాంచా మీదనే దొరుకుతది. నేసినోణ్ణి నాలుగు తిట్టి, విప్పించి, మళ్ళ నేపిస్తరు. తప్పును నెత్తిమీద పెట్టుకున్నరంటే," వాడు ఆగాడు. "నేసినోడు తిట్టు వినబడనంత దూరంల ఉన్నడన్నట్టు. తాతా, ఈ దుప్పటి ఏడ నేస్తరు?"

తాత దగ్గాడు. ఆ దగ్గు అయిపోయేదాకా మేం చూశాం.

"మొదట ఇంగ్లండు. మా రాజుకు మొదటి దుప్పటి తెల్ల వ్యాపారే ఇచ్చాడు. ఇప్పుడు సరిహద్దు అవతల. దక్షిణాఫ్రికా."

"మీ దేశంల?"

"మాఫీ" అన్నాడు. లేదు అని.

"ఒక్క సాంచా గూడ లేదా?"

"గొర్రెలు మావి. ఉన్ని ఎక్కించి పంపుతాం. దుప్పటి కొని తెచ్చుకుంటాం. నీళ్ళు కూడా అంతే. కొండల్లో పెద్ద డ్యాములు, సొరంగాలు. ఒక సొరంగం నేనూ తొలిచాను. నీళ్ళు వాళ్ళ నగరానికి పోతాయి. మా పైఊళ్ళ ఆడవాళ్ళు డ్యాము పక్కనుంచే బిందె నెత్తిన పెట్టుకుని ఊటకు పోతారు."

"మరి ఫ్యాక్టరీలు? బట్టల ఫ్యాక్టరీలు ఉన్నయన్నవ్ గదా?"

"ఉన్నాయి. కుట్టేవి. గుడ్డ బయటి నుంచి వస్తుంది, మిషన్లు బయటివాళ్ళవి, ప్యాంట్లు అమెరికాకు పోతాయి. మిషన్ల మీద అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళను తీసుకోరు. మగవాళ్ళు గేటు బయట నిలబడతారు."

ఇంక ఆగలేదు ఆయన. బంగారం లోతుకు పోయాక బాయి కంపెనీలు మనుషులను తీసేశాయి. వేలకు వేలు, దుప్పటి భుజానేసుకుని ఇంటికి తిరిగొచ్చారు. కొందరు ఛాతీలో రాతిదుమ్ముతో వచ్చారు, కొందరు బాయి హాస్టళ్ళ నుంచి రక్తంలో పెద్ద రోగం తెచ్చారు. చాలా ఇళ్ళల్లో ముసలివాళ్ళూ పిల్లలే మిగిలారు. తాత భార్య ప్యాంట్ల ఫ్యాక్టరీలో జిప్పులు కుట్టేది. ఆమె చీకటితో లేచి పోతే ఈయన ఇంట్లో కూర్చుని గట్క కలిపేవాడు. అట్లా కూర్చోలేక, పాత మిషన్‌తో పాటు మనిషి కావాలంటే చెయ్యెత్తాడు.

బామ్మర్ది ముఖం ఎర్రబడింది. "వారం నుంచి అడుగుతున్న గదా! ముందే చెప్పుడు రాదా? రాజుల ముచ్చట్లు, గుర్రాల ముచ్చట్లు ఎవనికి గావాలె? పాసుపోర్టు ఇచ్చేటోణ్ణి!"

నేను తర్జుమా చేయలేదు. అక్కర్లేకపోయింది. తాత దుప్పటి మడత పెడుతూ అన్నాడు. "పని కోసం మా దేశానికి వస్తానన్న మనిషిని నా బతుకులో ఇప్పుడే చూశాను. ఒక వారం అట్లా ఉండనిద్దామనుకున్నాను. ఈ రోజు జేబులో పాసుపోర్టు చూసి, ఇక చెప్పాలనే కూర్చున్నాను. నువ్వే ముందు పట్టుకున్నావు."

నేను ఏదో ఒక పరాచికం ఆడాలి, అది నా డ్యూటీ. లేచి ఏసీ తగ్గించి వచ్చాను.

బామ్మర్ది జేబులోంచి పాసుపోర్టు తీసి మంచం మీద పడేశాడు. "అది దేశం గాదు బావా. మా వాడకట్టే. జర పెద్దగున్నది, మంచు పడ్తది, అంతే. గింత దూరం వోయి మళ్ళ మా వాడకట్టుకే వోవాల్నా? విమానం కిరాయి దండుగ."

మలాజ్ పోలేదు. తర్వాతి వారం వాడూ నేనూ కలిసి, దేశం విడిచే ఎగ్జిట్ కాగితాల వరసలో నిలబడ్డాం. ఎండలో ఆ వరస తోక ఎక్కడుందో నాకు కనబడలేదు. అన్ని జిల్లాల తెలుగూ వినబడింది. వేలిముద్ర మిషన్ వాడి వేళ్ళను మొదటిసారి పట్టలేదు. ఏళ్ళ తరబడి నూలు పోగు నడిచి గీతలు అరిగిపోయాయి. అక్కడి మనిషి వేలు తుడుచుకోమని సైగ చేశాడు. "తుడిస్తె వస్తయా?" అని నన్నడిగాడు వాడు. నాలుగోసారికో ఐదోసారికో పచ్చ దీపం వెలిగింది. మా బతుకులో పచ్చ రంగు చూడటం అదొక్కసారే.

మేమిద్దరం మిగిలాం, నేనూ తాతా. లెవీలు ఏటికేడు పెరిగాయి. ముదీర్ తలలు లెక్కపెట్టుకుని, ఏ తల బరువైతే దాన్ని దించుతూ పోయాడు. చివరికి ఆ పాత మిషన్‌ను అమ్మేశాడు. కొన్నవాళ్ళు మిషన్ చాలన్నారు, స్పేర్ పార్టు వద్దన్నారు.

వెళ్ళేరోజు తాత పెట్టె కట్టుకుని షెడ్డు ముందు కూర్చున్నాడు. ఆయనను తీసుకుపోయే బండి ఆలస్యమైంది. ఉన్నట్టుండి అడిగాడు. "సదీక్, దోస్తూ, మీ దగ్గర పని ఉంటుందా? బోర్లు తొలిచేది?"

నేను ముందు నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

ఆ మనిషి నాకు ఒక దేశమంతా చెప్పాడు. నేను మాత్రం మా సంగతి ఎన్నడూ చెప్పలేదు, ఆయన అడగలేదు. నాకున్నవి అవే మాటలు. "అవ్వల్ మలిక్" అని మొదలుపెట్టాను. ముందు నిజాం రాజు. తర్వాత రాజు పోయాడు. తర్వాత సాంచాలు, చాలా. తర్వాత సాంచాలు ఖలాస్. బోర్లా? బోర్లు తొలిచాం తాతా, ఊళ్ళకు ఊళ్ళు జల్లెడ చేశాం, నీళ్ళు లేవు. ఆడవాళ్ళు బీడీలు. మగవాళ్ళు కుల్లు బర్రా, అందరూ బయట.

ఆయన తల ఊపాడు. "సేమ్ సేమ్" అన్నాడు.

మా చరిత్ర కూడా ఆయన చరిత్ర అంతసేపే పట్టింది. బండి వచ్చింది. పెట్టె నేనే ఎత్తాను. పెట్టె ఎత్తడానికి సైట్ అరబ్బీలో మాట ఉంది.

ఆ తర్వాత ఇంకొన్నాళ్ళకు నా తల కూడా బరువైంది. నేను గేటు దాటిన రోజు కుర్చీ అక్కడే ఉంది, ఒక కాలు విరిగితే నేనే వెల్డింగ్ చేసి నిలబెట్టిన కుర్చీ. ఆఖరి సలాం కొట్టి వచ్చేశాను.

సిరిసిల్ల పోయేసరికి బామ్మర్ది అరుగు మీద ఉన్నాడు. పక్కన చాట. తడిపిన తునికాకు మీద కొలతకు రేకు ముక్క పెట్టి కత్తెరతో కత్తిరిస్తున్నాడు. చెల్లె బీడీలు చుడుతున్నది. నన్ను చూసి వాడు లేవలేదు, ఒళ్ళో ఆకుంది.

"తాత ఏడున్నడు బావా?"

"ఇంటికి వోయిండు."

"ఏం చేస్తున్నడంట?"

"ఏం చేస్తడు. ఆమె పనికి వోతే గట్క కలుపుతుండొచ్చు."

కత్తెర ఆగలేదు. ఒక కట్ట ఆకు అయిపోయింది. చుట్టుపక్కల ఒకప్పుడు చెవులు చిల్లులు పడేలా సాంచాలు మోగిన వాడ అది. ఇప్పుడు కత్తెర సప్పుడు కూడా వినబడుతున్నది.

"ఆ దుప్పటి యాదికున్నదా బావా?" అన్నాడు చివరికి. "గీత తప్పిండు గని, అంచు ఎంత సక్కగ పట్టిండు! పనోడు వాడు."

"ఏ ఊరోడో" అన్నాను.

"ఏ ఊరోడైనా, సొంతూళ్ళె కూసోని నేసుండడు" అని, ఇంకొక ఆకు తీసి రేకు పెట్టాడు.